ఊపిరి పెట్టె తాగిన నూనె

నమోదు 1

ఊపిరి పెట్టె బిగించిన ప్రతి బండి డ్రైవరూ తన అనుభవాలను “సొంత మాటల్లో, నిర్భయంగా” నమోదు చెయ్యాలని వాయు మండలి ఆజ్ఞ. నిర్భయంగా అని వాళ్ళే అన్నారు కాబట్టి రాస్తున్నాను.

నా పేరు పక్కీరమ్మ. గాజులకొండ సొరంగంలో బతికే జనానికి ఉన్న ఒకే ఒక్క బస్సును నేను నడుపుతాను. ఒకప్పుడు ఈ సొరంగంలోంచి రైళ్ళు పోయేవట. ఎర్రగాలులు మొదలయ్యాక రైళ్ళు పోయాయి, మేం వచ్చాం. సూర్యుణ్ణి దుమ్ము మింగేశాక ఎందుకూ కొరగాని సోలారు పలకలతో సొరంగం రెండు నోళ్ళకీ తలుపులు చేసుకున్నాం. బ్యాటరీ కార్లలో కోళ్ళు పొదుగుతున్నాయి. మా తాతలు సిగ్గుపడి మూలన పడేసిన డీజిలు బస్సే మళ్ళీ మాకు దిక్కయింది.

మా బతుకు చాలా సులువు. పొద్దున్నే బస్సులో కొండ దిగి కానుగ తోపులకు పోతాం. కాయలు ఏరుకుని మధ్యాహ్నం తిరిగొస్తాం. గింజలు గానుగలో ఆడిస్తే నూనె వస్తుంది. ఆ నూనె బస్సుకు పోస్తే మర్నాడు మళ్ళీ తోపుకు పోవచ్చు. అంటే నూనె కోసం పోతాం, పోవడం కోసం నూనె తీస్తాం. బస్సు తాగగా మిగిలింది పెద్ద ఫ్యానుకు పోస్తాం. బయటి గాలిని జల్లెడ పట్టి సొరంగంలోకి లాగేది ఆ ఫ్యానే. వేరే ఊళ్ళలో మైలేజీ తగ్గితే డ్రైవరును తిడతారు. ఇక్కడ మైలేజీ తగ్గితే ఊపిరాడదు.

ఫ్యాను చూసుకునేది నా మొగుడు ఓబులేసు. నాకంటే ముందు ఈ బస్సు నడిపింది అతనే. ఏళ్ళ తరబడి సొరంగంలో బస్సు పొగ పీల్చి రొమ్ము పాడుచేసుకున్నాడు. గాలి తగిలే చోటే కూర్చోవాలి కాబట్టి ఫ్యాను కొలువు ఇచ్చారు.

ఆ పొగను ఆపడానికే మండలి ఈ పెట్టెను పంపింది. పొగ గొట్టం మధ్యలో బోల్టులతో బిగించే ఇనప డబ్బా ఇది. లోపల తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ ఉండి మసిని పట్టేస్తుంది. పెట్టె మూతకు సీలు ఉంటుంది. సీలు విప్పితే బండి జప్తు. బిగించడానికి వచ్చిన ఆఫీసరమ్మ పేరు సంయుక్త. ముప్పై నిండని పిల్ల. ఈ కాయల కాలమంతా ఇక్కడే ఉండి పరిశీలిస్తుందట. “పొగ పోతుంది, మైలేజీ కూడా పెరుగుతుంది పక్కీరమ్మ గారూ” అని చెప్పింది.

పెట్టెకు నోరు కూడా ఉంది. స్టీరింగు పక్కన చిన్న స్పీకరు పెట్టారు. ఇంజను స్టార్టు చెయ్యగానే “గౌరవనీయ చోదకులకు నమస్కారం. మీ ప్రతి శ్వాసా మా బాధ్యత” అంది. పెళ్ళయినప్పటి నుంచి నన్ను ఇంత మర్యాదగా ఎవరూ పలకరించలేదు.

నమోదు 2

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. పొగ పోయింది. బస్సు సొరంగంలోకి వస్తే ఇదివరకు ఆడవాళ్ళు పసిపిల్లల మొహాల మీద కొంగు కప్పేవాళ్ళు. ఇప్పుడు బస్సు వెనకాలే పిల్లలు పరిగెత్తుకుంటూ వస్తున్నారు. ఓబులేసు దగ్గకుండా ఒక పూట భోంచేశాడు. ఇది నేను వెటకారంగా రాయడం లేదు.

పెట్టె బిగించిన కొన్నాళ్ళకు అసలు కథ మొదలైంది. తోపు నుంచి కాయల మూటలతో, జనంతో కొండెక్కుతున్నాను. మూడో మలుపు దగ్గర పెట్టె గొంతు సవరించుకుంది.

“స్వీయ శుద్ధి అవసరమైనది. దయచేసి వాహనమును నిలిపి, ఇంజనును నడుస్తూ ఉండనివ్వండి.”

నిలిపాను. నేను కాలు పెట్టకుండానే ఇంజను తనంతట తాను గోల పెట్టడం మొదలుపెట్టింది. లోపల పేరుకున్న మసిని కాల్చడానికి పెట్టె మా నూనెనే గొట్టంలోకి చిమ్ముకుని మంట పెట్టుకుంటోంది. జనం దిగి బండల మీద కూర్చున్నారు. గొట్టం వేడికి కింద ఎండుగడ్డి అంటుకుంటే చెప్పులతో తొక్కి ఆర్పారు. కదలని బస్సు కదిలే బస్సుకంటే ఎక్కువ తాగడం నా జీవితంలో మొదటిసారి చూశాను.

“శుద్ధి విజయవంతము. మీ సహనము ప్రశంసనీయము” అంది పెట్టె.

ఆ తర్వాత ఈ ప్రశంస దాదాపు రోజూ దొరుకుతోంది. మిగతా దారిలో కూడా బస్సు ఎత్తు ఎక్కనంటోంది. ఇదివరకు మూడో గేరులో పోయిన చోట రెండో గేరు వెయ్యాల్సి వస్తోంది. ఓబులేసుకు చెప్పాను.

“ముక్కు మూసుకోని మెట్లెక్కమంటే ఎట్లుంటాదో అట్లుంది దాని పని” అన్నాడు. “లోపలికి పీల్చిన గాలి బయటికి పోవాల గదా. నాకు తెల్దా ఆ బాధ.”

నమోదు 3

ఫ్యాను ఇదివరకు పగలంతా తిరిగేది. ఇప్పుడు మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి ఆపాల్సి వస్తోంది. నూనె లేదు. ఓబులేసు మీట కిందికి లాగి, సొరంగం గోడకు ఆనుకుని, నోరు తెరుచుకుని కూర్చుంటున్నాడు.

“ఏమ్మే, నీ బస్సు తోపుకు పోయొస్తాందా, సారా అంగడికి పోయొస్తాందా?” అన్నాడు. ఆ ఒక్క మాటను రెండు విడతలుగా అనాల్సి వచ్చింది పాపం.

నేను సంయుక్త దగ్గరికి పోయాను. ఆమె పెట్టె లెక్కలు కనిపించే చేతి తెర బయటికి తీసి చూపించింది. అందులో మైలేజీ చూపించే పచ్చగీత కొండ మీదికి ఎక్కుతోంది. మా బస్సు మాత్రం ఎక్కడం లేదు.

“లెక్క ప్రకారం మీ బండి ఇదివరకటికంటే పొదుపుగానే నడుస్తోందండీ.”

“మరి నిలబడుకోని తాగిన నూనె?”

“అది శుద్ధికి అయిన ఖర్చు కదండీ. నిర్వహణ కిందికి వస్తుంది. మైలేజీ కిందికి రాదు.”

“అంటే పెండ్లికొచ్చినోళ్ళు తిన్నది లెక్క, వంటోళ్ళు తిన్నది లెక్క ల్యాదంటావు. బియ్యం మూట ఖాళీ అయింది గదా మేడమ్?”

ఆ పిల్ల పచ్చగీతను వేలితో వెనక్కి జరిపి మొదటి నుంచి మళ్ళీ చూసింది. పొరుగు సొరంగంలో కూడా పెట్టెలు బిగించాలని మర్నాడు వెళ్ళిపోయింది. అక్కడి పచ్చగీతలు ఇంకా బాగుంటాయని ఆశిద్దాం.

నమోదు 4

బస్సు మరమ్మతులు చూసేది మా తమ్ముడు దస్తగిరి. వాడికి తెలియని ఇంజను లేదు. వాడు రెండుసార్లు విప్పని ఇంజనూ లేదు.

“పొగ ఎంత ఫ్రీగా పోతే బండి అంత తక్కువ తాగుతాదక్కా. లోకమంతా తెలిసిన సంగతే” అన్నాడు.

“సీలు విప్పొద్దన్నారు గదరా.”

“సీలు విప్పొద్దన్యారు. పెట్టె విప్పొద్దన్లేదు గదా.”

మండలి ఆజ్ఞను ఇంత శ్రద్ధగా చదివినవాడు ఇంకొకడు ఉండడు. పెట్టెను సీలుతో సహా ఊడదీసి మూలన పెట్టి, ఇంజను నుంచి వెనక బంపరు దాకా వెడల్పాటి ఉత్త గొట్టం వేశాడు. సైలెన్సరు కూడా పీకేశాడు. ఎటూ మొదలుపెట్టాం కదా అన్నాడు.

స్టార్టు చేశాను. ఏమని చెప్పను! సొరంగం గోడలు అదిరి పైనుంచి పెచ్చులు రాలాయి. నాకు యాభై దాటింది, మోకాళ్ళు నొప్పులు. అయినా ఆ శబ్దం వింటే ఒంట్లో ఏదో పూనినట్టయింది. ఖాళీ రోడ్డు మీద కూడా యాక్సిలేటరు తొక్కాను. దిగుడులో తొక్కాను. నిలబడి ఉన్నప్పుడు కూడా ఊరికే రెండుసార్లు తొక్కి చూశాను. ఆడవాళ్ళు చెవులు మూసుకుని నవ్వారు.

మైలేజీ పెరిగిందా అంటారేమో. ఆ వారమంతా ఫ్యాను ఇంకా ముందే ఆగిపోయింది.

దస్తగిరి తల గోక్కుని నూనె ట్యాంకుకు చిల్లేమన్నా పడిందేమో అని బస్సు కింద పడుకుని వెతికాడు. ఓబులేసు ఫ్యాను దగ్గరి నుంచే తేల్చేశాడు. “చిల్లు ట్యాంకుకు పళ్ళేదు రా, మీ అక్క కాలికి పడింది. ఆ సప్పుడు ఇనేదానికి తొక్కుతాంది ఆమె.”

మాట పూర్తయ్యాక దగ్గు వచ్చింది. అది ఆగలేదు. వంగిపోయి, ఒక చేత్తో ఫ్యాను చట్రం పట్టుకుని దగ్గాడు. నేను పరిగెత్తి నీళ్ళు తెచ్చేసరికి తువ్వాలు నిండా నల్లటి కళ్ళె. చుట్టూ చూశాను. ఉతికి ఆరేసిన పసిగుడ్డల మీద మసి. ఆడుకునే పిల్లల ముక్కుల కింద నల్లటి మీసాలు. ఆ మీసాలన్నీ నా బస్సు పెట్టినవే.

సరిగ్గా అప్పుడే సంయుక్త తిరిగొచ్చింది.

నమోదు 5

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. మూలన పడి ఉన్న పెట్టె పక్కన కూర్చుంది.

“నేను పుట్టింది కూడా సొరంగంలోనేనండీ. మా చెల్లి నాలుగేళ్ళకే పోయింది, పొగకి. ఈ పెట్టె మీద పని కావాలని మండలి గుమ్మం ముందు ఎన్నాళ్ళు తిరిగానో” అంది. ఆ తర్వాత “పక్కీరమ్మ గారూ, తెర సంగతి పక్కన పెడదాం. రేపు మనమే చూద్దాం” అంది.

మర్నాడు జనం లేకుండా, ఒకటే బరువు మూటలు వేసుకుని చదును రోడ్డు మీదికి పోయాం. ట్యాంకు ఖాళీ చేసి ఒక్క డబ్బా నూనె పోసుకుని, అది అయిపోయేదాకా నడపడం, బస్సు ఎక్కడ ఆగితే అక్కడ గుర్తు పెట్టడం. పెట్టె మసి పట్టి ఉన్నప్పుడు ఒకసారి, దాన్ని శుభ్రం చేసి ఒకసారి, పెట్టె లేకుండా ఉత్త గొట్టంతో ఒకసారి. ఒకటే చెయ్యి, ఒకటే కాలు. కాలును అదుపులో పెట్టడానికి సంయుక్త నా పక్కనే కూర్చుని, గేరు వేసినప్పుడల్లా నా పాదం వంక చూసింది. అత్తగారు కూడా నన్ను అంత శ్రద్ధగా చూడలేదు.

మసి పట్టిన పెట్టెతో బస్సు ముళ్ళకంపల దగ్గరే ఆగిపోయింది. దస్తగిరి పెట్టెను ఊడదీసి, సొరంగానికి దూరంగా గాలి వాటం చూసి, వెనక వైపు నుంచి కంప్రెసరు గాలి కొట్టాడు. లోపలి మసంతా బయటికొచ్చింది, వాడు బొగ్గు బొమ్మ అయ్యాడు. ఆ శుభ్రమైన పెట్టెతో బస్సు విరిగిన సెల్ టవరు దాటి కల్వర్టు దాకా పోయింది. ఉత్త గొట్టంతో కల్వర్టు దాటి ఇంకో నాలుగు బారలు. అంతే.

“ఇంతేనా? నాలుగు బారలేనా?” దస్తగిరి మొహం మాడిపోయింది. వాడితో పాటు లోకమంతా తెలిసిన సంగతి కూడా మాడిపోయింది.

“ఇంతే. పెట్టె తప్పు కాదు, ఉత్త గొట్టం గొప్పా కాదు” అంది సంయుక్త. “కానుగ నూనె చిక్కన, మసి ఎక్కువ. మన దారి చిన్నది, బస్సు నిదానం. పెట్టె తనంతట తాను శుభ్రపడేంత వేడెక్కడం లేదు. అందుకే నూనె పోసుకుని కాల్చుకుంటోంది. రోజూ మనమే ఊదేస్తే సరిపోతుంది.”

అలాగే చేశాం. రోజూ పెట్టె విప్పడం, బయట ఊదడం, బిగించడం. పొగ లేదు, నిలబడి తాగడం లేదు. ఫ్యాను మళ్ళీ పగలంతా తిరిగింది. ఓబులేసు నాతో పూర్తి వాక్యాల్లో పోట్లాడాడు.

జరిగింది జరిగినట్టు సంయుక్త మండలికి పంపింది. నిజం చెబితే మెచ్చుకుంటారని నమ్మే వయసు.

నమోదు 6

మండలి మెచ్చుకుంది. “మీ పరిశీలనకు కృతజ్ఞతలు. పెట్టెను ఊడదీయుట సాధ్యమని మీ ద్వారా తెలిసినది. కావున ఇకపై బోల్టులకు బదులు వెల్డింగు చేయవలెను.”

ఒక మనిషి వచ్చి వెల్డింగు చేసి పోయాడు. ఫ్యాను మళ్ళీ మధ్యాహ్నానికే ఆగడం మొదలైంది. సంయుక్త ఇంకో అర్జీ పంపింది. పరిశీలనలో ఉన్నదని జవాబు వచ్చింది. ఎవరి పరిశీలనలో అన్నది వాళ్ళ పరిశీలనలో ఉన్నట్టుంది.

నమోదు 7

ఎర్రగాలి వచ్చింది.

తోపులో ఉన్నాం. జనమంతా చెట్ల కింద చెదిరి ఉన్నారు. సంయుక్త కూడా కాయలు ఏరుతోంది. పడమట ఆకాశం ఇటుక రంగులోకి తిరిగింది. కూతలు వేసి అందరినీ బస్సెక్కించి బయల్దేరాను. ఎర్రగాలి మీదికొస్తే బయట ఉన్నవాడికి కళ్ళు ముందు పోతాయి, తర్వాత ఊపిరి పోతుంది. అది చేరేలోపు కొండెక్కాలి. మామూలుగా అయితే ఎక్కొచ్చు.

మొదటి మలుపు దగ్గర పెట్టె మాట్లాడింది. “మసి పరిమితి మించినది. మీ భద్రత కొరకు వేగము తగ్గించబడినది.”

యాక్సిలేటరు నేలకు ఆనేదాకా తొక్కాను. బస్సు ముసలి ఎద్దులా నడుస్తోంది. మూటలు పారెయ్యమని అరిచాను. ఆ రోజు ఏరిన కాయలన్నీ కిటికీల్లోంచి రోడ్డు పాలయ్యాయి. అయినా అంతే. అద్దంలో చూస్తే ఎర్రటి గోడ తోపును మింగేసి, రోడ్డు మీదికి వచ్చేసింది. వెనక ఎవరో దేవుళ్ళ పేర్లు చదువుతున్నారు.

“ఆపండి” అంది సంయుక్త.

“ఆపితే సస్తాం పాపా!”

“ఆపక్కా!”

ఆపాను. సీటు కింది చక్రాల స్పానరు తీసుకుని దూకేసింది. నేనూ దిగాను. బస్సు కింద దూరి సీలు మీద కొట్టింది. మూడు దెబ్బలకు సీలు తెగింది, మూత ఊడింది. లోపలి దిమ్మ ఎర్రగా కాలి ఉంది. ఖాళీ గోనెసంచి చేతులకు చుట్టుకుని లాగింది. గోనె అంటుకుంది. వదల్లేదు. ఆ దిమ్మ రోడ్డు మీద పడి పగిలేదాకా వదల్లేదు.

స్పీకరు “సీలు ఉల్లంఘన నమోదైనది” అంటుండగా దాని వైరు నేను పీకేశాను.

ఆ తర్వాత బస్సు కొండెక్కిన తీరు ఇప్పటికీ నమ్మలేను. నల్లటి పొగ, ఎర్రటి దుమ్ము, మధ్యలో మేం. సంయుక్త నా పక్కన నిలబడి ఉంది. కాలిన చేతులు రెండూ ముందుకు చాపుకుని, పళ్ళు కరుచుకుని ఉంది.

సొరంగం నోటి దగ్గర దస్తగిరి తలుపులు తెరిచి పట్టుకున్నాడు. “లోపలికి రానీ అక్కా, రానీ!” అని చేతులు ఊపాడు. రానివ్వొచ్చు. కానీ తలుపులు మూశాక ఈ గాలి ఎన్నాళ్ళు తిరుగుతుందో తెలియదు. ఫ్యానుకు చూస్తే నూనె లేదు. మూత ఊడిన పెట్టెతో ఇంజను నడుపుకుంటూ లోపలికి పోతే, ఆ పొగనే జనమంతా పీలుస్తూ కూర్చోవాలి. ఓబులేసు ఒక్క పూట కూడా తట్టుకోడు.

ఇంజను ఆపేశాను. “దిగండి, తొయ్యండి!”

దిగారు. ముసలీ ముతకా, అందరూ భుజాలు ఆనించారు. సంయుక్త చేతులు పనికిరావని వీపు ఆనించి తోసింది. లోపల ఉన్నవాళ్ళు పరిగెత్తుకొచ్చి ముందు నుంచి తాళ్ళతో లాగారు. వెనక చక్రం గడప దాటగానే దస్తగిరి తలుపు వేశాడు, గాలి వచ్చి తలుపుకు గుద్దుకుంది. ఆ ఆఖరి దూరానికి బస్సు చుక్క నూనె తాగలేదు. అంతకుమించిన మైలేజీ ఏ పెట్టే ఇవ్వలేదు.

ట్యాంకులో మిగిలిన నూనె మొత్తం తోడి ఫ్యానుకు పోశాం. ఓబులేసు దాన్ని ఆపుతూ, తిప్పుతూ, పిల్లల ఊపిరి వింటూ, పొదుపుగా వాడాడు. తన వంతు గాలి కూడా తగ్గించుకుంటున్నాడని నాకు తెలిసింది. ఫ్యాను ముందు నుంచి లేచి పక్కకు కూర్చున్నాడు. బలవంతంగా లాక్కొచ్చి మళ్ళీ ముందు కూర్చోబెట్టాను.

“పిల్లోల్లకు రానీలే మే” అన్నాడు.

“నువ్వు పోతే ఫ్యానెవరు తిప్పుతారు, మీ నాయనా?” అన్నాను. ఏడుపు వస్తుంటే నాకు ఇలాంటి మాటలే వస్తాయి.

అందరం బతికాం.

నమోదు 8

గాలి తగ్గాక మండలి మనుషులు వచ్చారు. సీలు విప్పడం నేరం. ప్రాణాలు కాపాడటం నేరమా కాదా అని అడిగితే దానికి వేరే శాఖ ఉందన్నారు. ఎవరు విప్పారని అడిగారు. “నేనే” అని కట్లు కట్టిన చేతులు ఎత్తి చూపించింది సంయుక్త. బస్సును జప్తు చేసి, వెంట తెచ్చుకున్న నూనె పోసి, ఆమెను అదే బస్సులో ఎక్కించుకుని పోయారు. వెళ్ళేటప్పుడు నా వైపు చూసి ఏదో చెప్పబోయింది. తలుపు వేసేశారు.

నమోదు 9

బస్సు లేని డ్రైవరు నమోదు రాయాలా వద్దా అన్నది ఆజ్ఞలో లేదు. అందుకని రాస్తున్నాను.

తోపుకు నడిచి పోతున్నాం. పోయి రావడానికే పొద్దు చాలడం లేదు. నెత్తిన ఎన్ని కాయలు పడతాయి? బస్సు తాగడం లేదు నిజమే, కానీ తెచ్చే నూనే లేదు. అన్నిటికంటే భయం వేరే ఉంది. దారిలో ఉండగా ఎర్రగాలి వస్తే పరిగెత్తడానికి చోటు లేదు. పడమర వైపు చూసుకుంటూ నడుస్తున్నాం. మెడలు పట్టేశాయి. పిల్లతల్లులను రావద్దన్నాం. అయినా వస్తున్నారు.

నమోదు 10

ఈ పొద్దు ఎవరూ తోపుకు పోలేదు. గాలి అనుమానంగా ఉంది. ఫ్యాను ఆగి ఉంది కాబట్టి సొరంగంలో నిశ్శబ్దం. ఓబులేసు ఉన్నట్టుండి చెయ్యెత్తాడు.

“ఏమ్మే, ఇను.”

నాకేం వినపడలేదు. అతను కళ్ళు మూసుకుని విన్నాడు.

“మన బండే. మూడో మలుపు దగ్గరుంది. ఎవడో గాని క్లచ్చి కాల్చేస్తాండాడు.”

తలుపు తీసుకుని పరిగెత్తాం. కొండ మీదికి మా బస్సు వస్తోంది. ఒకసారి ఎగురుతుంది, ఒకసారి ఏడుస్తుంది, గేరు మారినప్పుడల్లా పళ్ళు నూరుతుంది. వెనక మాత్రం పొగ లేదు. దగ్గరికొచ్చి, ఆగాల్సిన చోటు దాటి ఇంకొంచెం ముందుకు పోయి ఆగింది. దస్తగిరి పక్కకు దూకాడు కాబట్టి బతికాడు.

స్టీరింగు వెనక సంయుక్త ఉంది. జుట్టు నిండా దుమ్ము. అరచేతులు గులాబీ రంగు కొత్త తోలుతో మెరుస్తున్నాయి. వంగి బస్సు కిందికి చూశాను. ఊపిరి పెట్టె ఉంది, లోపల కొత్త దిమ్మ. పెట్టె పక్క భాగాన్ని ఎవరో మొరటుగా కోసి, కీలు పెట్టి, గొళ్ళెం బిగించారు, సీలు మాత్రం లేదు. చేత్తో తెరిచి, దిమ్మ తీసి, ఊది, మళ్ళీ పెట్టుకోవచ్చు.

“మండలి ఇచ్చిందా పాపా, నువ్వే తెచ్చినావా?” అన్నాను.

ఆమె స్టీరింగు మీద వేళ్ళు ఒక్కొక్కటే విప్పుకుంది.

“ముందు కాసిని నీళ్ళు ఇయ్యక్కా” అంది.

నీళ్ళు ఇచ్చాను. తాగుతుండగానే జనం తోపుకు పోదామని గోనెసంచులు తెచ్చుకుని బస్సెక్కేశారు. గాలి ఇంకా అనుమానమే, కానీ ఇప్పుడు దానికంటే ముందు కొండెక్కే బస్సుంది. నేను ఆమెను పక్క సీటులోకి జరిపి గేరు వేశాను.